వ్యాఖ్యాన వ్యాసానికి ఏ రచన, ఏ దారి: డిగ్రీ మొదటి సంవత్సరం సాహిత్య విద్యార్థులకు ఒక పోలిక

ఇంటర్మీడియట్ దాకా మన గుంటూరు, విజయవాడ ప్రాంతంలో తెలుగు చదివి వచ్చిన విద్యార్థికి, సాహిత్యం గురించి రాయడమంటే ఏమిటో ఒక గట్టి అలవాటు ఉంటుంది. పద్యం ఇస్తే ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు రాయాలి. వాక్యం ఇస్తే కవి పరిచయం, సందర్భం, భావం రాయాలి. పాఠం పేరు ఇస్తే సారాంశం రాయాలి. వీటిలో దేనికైనా సరైన జవాబు ఒకటే ఉంటుంది, అది గైడులో అచ్చై ఉంటుంది, దానికి ఎంత దగ్గరగా రాస్తే అన్ని మార్కులు వస్తాయి. డిగ్రీలో సాహిత్యాన్ని ప్రధాన విషయంగా తీసుకున్న మొదటి ఏడాదిలోనే, ‘మీకు నచ్చిన రచనను ఎంచుకొని మీ వ్యాఖ్యానం రాసుకురండి’ అని ఆరేడు పేజీల పని అప్పగించినప్పుడు, పన్నెండేళ్ల ఆ అలవాటు అక్కరకు రాదు. తాత్పర్యం అంటే పద్యం చెప్పినదాన్ని వచనంలో మళ్లీ చెప్పడం. వ్యాఖ్యానం అంటే పద్యం గురించి మీరు ఒక మాట అని, ఆ మాట నిజమేనని చదివేవారిని ఒప్పించడం. మొదటిదానిలో తప్పు రాసే ప్రమాదం మాత్రమే ఉంటుంది. రెండోదానిలో, ఒక్క తప్పు కూడా లేకుండా ఆరు పేజీలు నింపి, ఏమీ చెప్పకుండానే ముగించే ప్రమాదం ఉంటుంది.

నేను మొదటిసారి చేసింది అదే. గుంటూరు వాణ్ని కాబట్టి గుంటూరు నవల మీదే రాయాలన్న పట్టుదలతో ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ తీసుకొని, కథనంతా పద్నాలుగు పేజీలలో చెప్పి, చివర ‘ఇది తెలుగు సాహిత్యంలో ఒక మైలురాయి’ అని ముగించాను. మాస్టారు కాగితాలు తిరగేసి, “నవల చదివావని తెలుస్తోందయ్యా, చదివి నువ్వేమంటావో తెలియడం లేదు” అన్నారు. ఆ తరువాత చాలా ఏళ్లకు, మొదటి సంవత్సరం వ్యాసాలు దిద్దే పని నా చేతికి వచ్చినప్పుడు, చాలా వ్యాసాలు రాత దగ్గర కాకుండా రచనను ఎంచుకున్న దగ్గరే ఓడిపోతున్నాయని అర్థమైంది. అందుకే ఈ పోలికను ఎంపికతోనే మొదలుపెడుతున్నాను.

ఎంత పెద్ద రచన

పెద్ద రచనను తీసుకుంటే చెప్పడానికి ఎక్కువ దొరుకుతుందని అందరూ అనుకుంటారు. దొరికే మాట నిజమే, కానీ ఆరు పేజీలలో పట్టేది కథ మాత్రమే. 1922లో వెలువడిన ‘మాలపల్లి’ని గానీ, దానికన్నా పెద్దదైన విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’ను గానీ తీసుకున్నవారు, ఎవరెవరో పరిచయం చేసేసరికే మూడు పేజీలు ఖర్చు చేస్తారు. నవల మీద రాయాలనే కోరిక మరీ బలంగా ఉంటే ఒక అధ్యాయాన్నో, ఒక పాత్ర మాట్లాడే తీరునో పట్టుకొని, మిగిలిన నవలను చదివేవారికి తెలిసినట్టుగానే భావించి రాయవచ్చు. అయినా మొదటి వ్యాసానికి నవలను సిఫారసు చేయను.

కథానిక సంగతి వేరు. గుంటూరులో ప్యాసింజరు ఎక్కి కృష్ణా కెనాల్ దాటేలోపు ఒక కథను పూర్తిగా చదవవచ్చు, సాయంత్రం తిరుగు ప్రయాణంలో మళ్లీ చదవవచ్చు. ఇలా వారం రోజులు పన్నెండుసార్లు చదివిన కథ గురించి మీకు తెలిసే విషయాలు, ఒక్కసారి చదివిన వెయ్యి పేజీల నవల గురించి ఎన్నటికీ తెలియవు. కథతో ఉన్న చిక్కు ఒక్కటే: భాష మామూలుగా, మన మాటలాగే ఉంటుంది కాబట్టి అందులో ఆగి చూడవలసింది ఏమీ లేదనిపిస్తుంది. కథ ఎవరి కంటితో చెప్పబడుతోంది, ఏ సంఘటనను చూపించకుండా దాటేశారు, ముగింపు ఎక్కడ ఆపారు అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటే అలా ఆగకుండా జారిపోవడం కొంత తగ్గుతుంది.

నాటకానికి వేరే రకం అప్రమత్తత కావాలి. ‘కన్యాశుల్కం’ 1892లో మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చై, 1909లో పెద్దగా మార్పులతో రెండోసారి అచ్చయింది. మనం పాఠంగా చదువుకునేది ఈ రెండో కూర్పునే. విద్యార్థులు చేసే మొదటి పొరపాటు, పాత్ర అన్న మాటను గురజాడ గారి మాటగా ఎత్తి రాయడం. గిరీశం సంఘ సంస్కరణ గురించి ఉపన్యసిస్తే అది నాటకకర్త అభిప్రాయం కావలసిన అవసరం లేదు, పైగా ఆ మాటలు ఆ నోట పెట్టడంలోనే అసలు సంగతి ఉండవచ్చు. సంస్కరణ కోసం రాశారని పేరుపడిన నాటకంలో చివరి మాట ఒక మోసగాడికి దక్కడం, ఆ మాట కూడా కథ అడ్డం తిరిగిందన్న విసుగే కావడం, చక్కని వ్యాసానికి సరిపోయే చిక్కు. రెండో పొరపాటు, 1955లో వచ్చిన సినిమా చూసి నాటకం మీద రాయడం. దిద్దేవారు దీన్ని ఇట్టే పట్టేస్తారు.

ఇక పద్యం. మొదటి వ్యాసానికి నా ఓటు పద్యానికే, అందులోనూ పొట్టి పద్యానికి. నాలుగు పాదాల మీద ఆరు పేజీలా అని ముఖం చిట్లించే వారికోసం, మనమంతా బడిలో కంఠస్థం చేసిన వేమన పద్యాన్నే తీసుకుంటాను.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయ
విశ్వదాభిరామ వినుర వేమ

తాత్పర్యం చెప్పమంటే ఏడో తరగతి పిల్లవాడైనా చెబుతాడు: ఉప్పూ కర్పూరమూ చూడటానికి ఒకేలా ఉన్నా రుచులు వేరు, అలాగే మనుషులందరూ ఒకేలా కనబడినా పుణ్యపురుషులు వేరు. ఇప్పుడు రెండో పాదంలో ‘చూడ చూడ’ దగ్గర వేలు పెట్టండి. మొదటి పాదంలో కన్ను మోసపోయింది, రెండూ ఒకే పోలికతో కనబడ్డాయి. మరి తేడా మళ్లీ చూస్తే ఎలా తెలుస్తుంది? తెలిసేది నాలుకకు కదా. అయితే తెలుగులో మనం రుచిని కూడా ‘చూస్తాం’. వంట చేస్తూ అమ్మ ఉప్పు సరిపోయిందో లేదో చూడమంటే, గిన్నెలోకి తొంగిచూసి ఊరుకోం, అరచేతిలో వేయించుకొని నాలుకకు తాకిస్తాం. కంటికి చెందిన క్రియనే నాలుకకు అప్పగించే ఈ నుడికారం మీదే పద్యం నిలబడిందని, ‘చూడ’ అన్న మాట రెండోసారి వచ్చేసరికి దాని అర్థం కంటి నుంచి నాలుకకు జారిందని ఒక వ్యాఖ్యానం చేయవచ్చు. ఆ పాదంలో యతి స్థానాన్ని ప్రాసయతితో, అంటే రెండో అక్షరాల కలయికతో, నిలబెట్టారు కాబట్టి ‘చూడ’, ‘జాడ’ అన్న రెండు మాటలూ ఒకదానికొకటి కట్టుబడి ఉన్నాయి: చూడటం ఒక చివర, జాడ దొరకడం ఇంకో చివర. అప్పుడు మూడో పాదంలో కొత్త ఇబ్బంది మొదలవుతుంది. ఉప్పును నాలుక మీద వేసుకోవచ్చు, మనిషిని ఎలా రుచి చూడటం? పద్యం ఆ సంగతి చెప్పదు, వేరని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. మనిషిని దూరం నుంచి అంచనా వేయలేమని, దగ్గరగా మెలిగి కొంత అనుభవించాకే తెలుస్తాడని పద్యం సూచిస్తోందని మీరు అనవచ్చు. పుణ్యపురుషుణ్ని గుర్తించే సాధనం మన దగ్గర లేదన్న నిరాశ అందులో ఉందని ఇంకొకరు అనవచ్చు. ఇద్దరూ పద్యంలోని మాటలనే చూపిస్తారు. వ్యాసం పుట్టేది అక్కడ.

వేమనను ఎంచుకుంటే ఒక జాగ్రత్త అవసరం. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించక ముందూ ఆ తరువాతా కూడా ఇవి నోటి నుంచి నోటికి నడిచిన పద్యాలు, ఒక్కో పుస్తకంలో ఒక్కో పాఠం కనబడుతుంది. ఒక అక్షరం మీద వాదం కట్టేవారు, ఆ అక్షరం మిగిలిన ప్రతుల్లో ఉందో లేదో చూసుకొని తీరాలి.

పద్యానికీ నవలకూ నడుమ ఖండకావ్యం, అంటే కొన్ని పద్యాల చిన్న కావ్యం, ఉంది, మూడు వారాల గడువు ఉన్నవారికి అది బాగా నప్పుతుంది. గుంటూరు వాసులకు చిరపరిచితులైన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి ‘పుష్పవిలాపం’ను ఏటా ఎవరో ఒకరు ఎంచుకుంటారు, ఎంచుకున్నవారిలో ఎక్కువమంది ఘంటసాల గారి గొంతు గురించి రాస్తారు. పాట వినడం మానమనను గానీ, వ్యాసం రాసే వారం రోజులూ దాన్ని ఆపి అచ్చు ప్రతిని చదవడం మంచిది, ఎందుకంటే ఆ గొంతులోని దుఃఖం మాటల్లో ఉన్న కొన్ని గరుకుదనాలను నున్నగా చేసేస్తుంది. ఉదాహరణకు, పూజ కోసం కొమ్మ వంచి పూలు కోయబోయిన మనిషి మగవాడు. పూలు అతనితో మాట్లాడుతూ, దారాలతో తమ గొంతు బిగించి, సూదులతో గుచ్చి తలలో ముడుచుకునే ఆడవారిని దయలేనివారంటాయి. చెయ్యి చాపినవాడు ఎదురుగా నిలబడి ఉండగా, నింద అక్కడ లేనివారి మీదికి ఎందుకు మళ్లింది? అతని మనసు నొచ్చుకోకుండా కరిగించే నేర్పు అది అని ఒకరు వాదించవచ్చు, కరుణ నిండిన కవితలో కూడా ఆ కాలపు మగ చూపు తప్పించుకోలేక దొరికిపోయిందని మరొకరు వాదించవచ్చు. రెండో వాదం రాసిన ఒక విద్యార్థిని తన వ్యాసం చదివి వినిపించిన రోజున తరగతిలో గంటసేపు గొడవ జరిగింది, అంత మంచి గంట నాకు ఆ ఏడాది మళ్లీ దొరకలేదు.

ఏ దారిన చదవాలి

రచన తేలాక వచ్చే రెండో ఎంపిక పద్ధతి. మొదటి ఏడాదిలో వాడుకోదగిన దారులు మూడు: మాటనే పట్టుకొని చదవడం, రచనను దాని కాలంలో పెట్టి చదవడం, ఒక దృక్పథం నుంచి ప్రశ్నించడం. వీటిని వేరువేరుగా వివరించడం కన్నా ఒకే రచన మీద మూడింటినీ నడిపి చూపిస్తేనే తేడా తెలుస్తుంది. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారి ‘గబ్బిలం’ అందుకు సరిపోతుంది. ఇది 1941లో వచ్చింది. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు తన ప్రియురాలికి మబ్బుతో కబురు పంపితే, ఇక్కడ అంటరానివాడని ఊరు వెలివేసిన ఒక పేదవాడు గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు.

మాటను పట్టుకొని చదివేవారు గబ్బిలం దగ్గరే ఆగుతారు. చిలక, హంస, మబ్బు వంటి అందమైన దూతలున్న సంప్రదాయంలో, అపశకునంగా భావించే, తలకిందులుగా వేలాడే, చీకట్లో తిరిగే ప్రాణి దూత ఎందుకైంది? గుడి లోపల అది వేలాడగలదు, కబురు పంపే మనిషి ఆ గడప తొక్కలేడు అన్న జవాబు అందరూ రాస్తారు, అది ఒప్పే. అక్కడితో ఆగకుండా, మనిషి దూతను బతిమాలుకునే తీరును, పొగిడే తీరును, యక్షుడు మబ్బును పొగిడిన తీరుతో పక్కపక్కన పెట్టి చూస్తే వ్యాసం చిక్కబడుతుంది. ఈ దారికి కావలసినవి పుస్తకం, నిఘంటువు, ఓపిక. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు రెండూ ఆంధ్రభారతి సైటులో ఫోనులోనే దొరుకుతున్నాయి కాబట్టి సాకు చెప్పడానికి లేదు. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు ధ్వని అని పేరు పెట్టి చెప్పిన విషయం, అంటే పైకి చెప్పిన అర్థం వెనుక మాట్లాడే అర్థం, ఈ దారికి మన దగ్గరే ఉన్న పాత పునాది.

కాలంలో పెట్టి చదివేవారు వేరే ప్రశ్నతో బయలుదేరుతారు. 1939లో మధుర మీనాక్షి ఆలయంలోకి దళితులు ప్రవేశించారు, అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశానికి చట్టం చేసింది, గుంటూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. తలుపు తెరుచుకున్నదని చట్టం చెప్పిన రెండేళ్లకు కూడా ఈ కావ్యంలోని మనిషికి గబ్బిలం అవసరమెందుకు పడింది? ఇది మంచి ప్రశ్న, కానీ ఈ దారిలో వ్యాసం చరిత్ర పాఠంగా మారిపోయే ప్రమాదం ఎక్కువ. ఉద్యమాలు, చట్టాలు, తేదీలు మూడు పేజీలు నిండాక కావ్యం చివరి పేజీలో ఉదాహరణగా మాత్రమే మిగులుతుంది. నేను చెప్పే కొలత ఇది: చరిత్ర గురించి రాసిన ప్రతి పేరాలో కావ్యంలోని ఒక మాటైనా ఉండాలి, ఆ మాట ఆ చరిత్ర తెలియకముందు కన్నా ఇప్పుడు వేరుగా వినబడాలి. అలా వినబడకపోతే ఆ పేరాను తీసేయాలి.

దృక్పథంతో చదవడం విజయవాడ కళాశాలల్లో ఇప్పుడు బాగా ఆకర్షిస్తోంది. స్త్రీవాదం, దళితవాదం, మార్క్సిజం అన్న పేర్లు వింటూనే వ్యాసానికి బలం వచ్చినట్టుంటుంది. చుండూరులో 1991లో జరిగిన దళితుల ఊచకోత తరువాత వచ్చిన దళిత కవిత్వాన్ని చదివినవారు, ‘గబ్బిలం’లోని మనిషి ఇంకా ఆ దేవుడికే ఎందుకు మొరపెట్టుకుంటున్నాడని అడుగుతారు. క్రైస్తవ కుటుంబంలో పెరిగిన కవి తన కథానాయకుడి చేత శివుడికి కబురు పంపించడం ఏమిటని ఇంకొకరు అడుగుతారు. ఇవి పదునైన ప్రశ్నలే. అయితే దృక్పథం ప్రశ్న వేయడానికి పనికివస్తుంది గానీ జవాబును ముందే నిర్ణయించడానికి పనికిరాదు. నా దగ్గరికి వచ్చే బలహీనమైన వ్యాసాలు ఎక్కువగా ఈ దారివే, వాటిలో రచన పేరు మార్చి ఇంకో రచన పేరు పెట్టినా ఒక్క వాక్యం కూడా మార్చనక్కర్లేదు. మొదటి సెమిస్టరులో మాటను పట్టుకొని చదవడం నేర్చుకొని, రెండో సెమిస్టరులో దృక్పథం వైపు వెళ్లినవారు ఈ గోతిలో పడటం తక్కువగా చూశాను. కాబట్టి మొదటి దారినే ప్రధానంగా పెట్టుకొని, మిగిలిన రెండింటిలో ఒకదాన్ని అవసరమైన చోట ఊతంగా తీసుకోమని నా సలహా. మూడింటినీ ఒకే వ్యాసంలో కలిపితే ఏదీ మిగలదు.

ఒప్పించే తీరు

చదివేవారిని ఒప్పించడానికి కూడా రెండు నమూనాలు విద్యార్థుల ముందు ఉంటాయి. ఒకటి సభల్లో వినబడే ప్రసంగం తీరు: అద్భుతం, హృద్యం, మహోన్నతం అన్న విశేషణాలతో ఉత్సాహాన్ని పెంచడం. రెండోది శాస్త్రచర్చల తీరు: పూర్వపక్షం, అంటే ఎదుటివారి వాదం, చెప్పి, దాన్ని ఖండించి, సిద్ధాంతాన్ని నిలబెట్టడం. ప్రసంగం ఎదురుగా కూర్చున్నవారి మీద పనిచేస్తుంది, కాగితం మీద త్వరగా వాడిపోతుంది. పూర్వపక్షం పద్ధతి పాతదే అయినా, విశ్వవిద్యాలయంలో అడిగే వ్యాసానికి ఇంతకన్నా సరిపోయే చట్రం నాకు కనబడలేదు. వేమన పద్యం విషయంలో ‘చూడ చూడ అంటే పరిశీలించగా అని మాత్రమే అర్థం, రుచి చూడటంతో సంబంధం లేదు’ అన్నది పూర్వపక్షం. దాన్ని ఎగతాళి చేయకుండా, ఆ వాదం చేసేవారు సంతోషించేంత బలంగా రాయాలి, ఆ తరువాతే ‘రుచుల’ అన్న మాట దాని పక్కనే ఎందుకుందో అడగాలి. పూర్వపక్షాన్ని గడ్డిబొమ్మలా నిలబెట్టి పడగొట్టిన వ్యాసం ఎవరినీ ఒప్పించదు.

మూలంలోని మాటలను ఎత్తి రాయడం గురించి క్లుప్తంగా చెబుతాను. పద్యం మొత్తం ఎత్తి రాసి, ‘పై పద్యంలో కవి చక్కగా చెప్పారు’ అనడం కన్నా, రెండు మాటలు ఎత్తి రాసి వాటి గురించి నాలుగు వాక్యాలు రాయడం మేలు.

పుస్తకాల విషయంలోనూ ఎంపిక ఉంటుంది. గైడులోని సారాంశాన్ని నమ్ముకోకుండా మూలాన్ని దగ్గర పెట్టుకోవాలి, పాత ప్రతి అయినా ఫరవాలేదు. విజయవాడ లెనిన్ సెంటరులోని పాత పుస్తకాల దుకాణాల్లో కావ్యాలు, నాటకాలు తక్కువ ధరకే దొరుకుతుంటాయి. జనవరి దాకా ఆగగలిగితే పుస్తక మహోత్సవంలో కొత్త ముద్రణలు చూసి కొనవచ్చు. ముందు ఎవరో రాసిన పెన్సిలు గీతలున్న ప్రతి దొరికితే వదలకండి, ఆ గీతలు గీసిన మనిషితో ఏకీభవించకపోవడం కూడా వ్యాసానికి మొదలు కావచ్చు. విమర్శ గ్రంథాలను మాత్రం మీ మొదటి చిత్తుప్రతి అయ్యాకే తెరవమంటాను, ముందే తెరిస్తే పెద్దవారి మాటల బరువుకు మీ మాట పైకి రాదు. ఫోనును అడిగి వ్యాఖ్యానం రాయించుకునేవారికి కూడా ఇదే చెబుతాను, అక్కడ దొరికేది చాలా వరకు నాలుగు విశేషణాలు చేర్చిన తాత్పర్యమే.

రెండు రచనల మధ్య ఎటూ తేలకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. ఒక్కో రచన గురించి మీరు అనదలచిన మాటను ఒకే వాక్యంలో రాసి, దాన్ని మీ తరగతిలోనే చదివే ఒకరికి, క్యాంటీన్లోనో రైలు పెట్టెలోనో, చదివి వినిపించండి. “అది అందరికీ తెలిసిందే కదా” అంటే ఆ వాక్యాన్ని పక్కన పెట్టండి. “అయితే ఏంటి?” అంటే వాక్యాన్ని ఇంకా చిన్న విషయానికి కుదించి మళ్లీ వినిపించండి. “అదెలా? నాకలా అనిపించలేదే” అంటూ మీ చేతిలోని పుస్తకం లాక్కొని పేజీ వెతకడం మొదలుపెడితే, ఆ రచననే తీసుకోండి, మంగళగిరి వచ్చేలోపు వారన్న అభ్యంతరాన్ని వారి మాటల్లోనే రాసి పెట్టుకోండి. మీ పూర్వపక్షం అదే.